100 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్నా రాత్రి మీటింగ్ ఆగిపోతోంది. నెట్ కంపెనీ మార్చాలా?

మీరు అడిగింది ఇది. భీమవరంలో ఉంటూ హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తున్నారు. లోకల్ ఆపరేటర్ దగ్గర 100 ఎంబీపీఎస్ ప్లాన్ ఉంది. స్పీడ్ టెస్ట్ పెడితే 90 దాకా చూపిస్తోంది, యూట్యూబ్ కూడా బాగానే వస్తోంది. కానీ రాత్రి 8 నుంచి 10 మధ్య అమెరికా టీమ్‌తో మీటింగ్‌లో కూర్చుంటే మాట తెగిపోతోంది, బొమ్మ ఆగిపోతోంది. 200 ప్లాన్‌కి వెళ్లాలా, పెద్ద కంపెనీ ఫైబర్ తీసుకోవాలా, బీఎస్‌ఎన్‌ఎల్ మంచిదా, ఎయిర్ ఫైబర్ పెట్టించాలా అని అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. 200 ప్లాన్ వద్దు. నెట్ కంపెనీ కూడా ఇవాళే మార్చకండి. మూడు రోజులు రాత్రి పూట ఒక చిన్న పరీక్ష చేయండి. తప్పు మీ ఇంట్లో వైఫైది అవ్వచ్చు, స్తంభం నుంచి ఇంటికి వచ్చే వైరుది అవ్వచ్చు, ఆపరేటర్ పైనుంచి తెచ్చుకునే బ్యాండ్‌విడ్త్‌ది (ఒకేసారి ఎంత డేటా మోయగలదో ఆ సామర్థ్యం) అవ్వచ్చు. ఏదో ఆ పరీక్షలో తేలుతుంది. మొదటి రెండింటికీ కంపెనీ మార్చాల్సిన పని లేదు, ఉన్నచోటే బాగుచేయించుకోవచ్చు. మూడోదైతే మాత్రం మారాల్సిందే. అప్పుడు కూడా పాత కనెక్షన్ ఉంచుకుని, కొత్తది ఒక నెల పక్కన నడిపి చూశాకే మారండి.

నేను 2008 నుంచి ఈ పనిలో ఉన్నాను. మొదట హైదరాబాద్‌లో ఒక కేబుల్ నెట్ కంపెనీలో లైన్ పని చేశాను. తర్వాత గుంటూరు జిల్లాలో ఫ్రాంచైజీ తీసుకుని పదకొండేళ్లు సొంతంగా నడిపాను. "నెట్ రావట్లేదండీ" అని మీలాంటివాళ్లు చేసే ఫోన్లు ఇన్నేళ్లూ ఎత్తింది నేనే. కాబట్టి రెండు వైపుల సంగతీ చెప్పగలను.

స్పీడ్ మీ సమస్య కాదు

ఒక వీడియో మీటింగ్‌కి రానూ పోనూ 3, 4 ఎంబీపీఎస్ చాలు. నెట్‌ఫ్లిక్స్ వాళ్లే ఫుల్ హెచ్‌డీకి 5, 4కేకి 15 ఉంటే చాలంటారు. ఇంట్లో ఒకరు మీటింగ్‌లో ఉండి, ఒకరు ట్యూషన్ చెప్తూ, హాల్లో టీవీ నడుస్తున్నా మొత్తం 30 దాటదు. 100 ఉన్నవాళ్లు 200కి మారితే పెద్ద ఫైళ్లు త్వరగా డౌన్‌లోడ్ అవుతాయి. తెగిపోయే మాట మాత్రం అలాగే తెగుతుంది. నా దగ్గర ఇలా ప్లాన్ పెంచుకుని, నెల తిరక్కుండానే అదే ఫిర్యాదుతో ఫోన్ చేసినవాళ్లు చాలామంది.

మరి స్పీడ్ టెస్ట్ 90 చూపిస్తుంటే మీటింగ్ ఎందుకు ఆగుతోంది? స్పీడ్ టెస్ట్ యాప్ తనకు దగ్గరగా ఉన్న సర్వర్‌ని ఎంచుకుంటుంది. అది చాలాసార్లు మీ నెట్ కంపెనీ నెట్‌వర్క్ లోపలే ఉంటుంది. అంటే మీ ఇంటి నుంచి నెట్ కంపెనీ ఆఫీసు దాకా రోడ్డు ఎలా ఉందో చెప్తుంది, ఊరి బయట హైవే ఎలా ఉందో చెప్పదు. యూట్యూబ్‌దీ అదే కథ. ఎక్కువమంది చూసే వీడియోలను గూగుల్ వాళ్లు నెట్ కంపెనీల దగ్గరే పెట్టిన సర్వర్లలో నిల్వ ఉంచుతారు, నెట్‌ఫ్లిక్స్ వాళ్లూ అంతే. పైగా వీడియో అర నిమిషం ముందుదాకా నింపుకుని పెట్టుకుంటుంది కాబట్టి మధ్యలో నాలుగు సెకన్లు లైన్ పోయినా మనకు తెలియదు.

యూట్యూబ్ అంటే ట్యాంకు నింపుకుని వాడుకోవడం. మీటింగ్ అంటే కుళాయి కింద నేరుగా బిందె పెట్టడం. అక్కడ ధార ఒక్క క్షణం ఆగినా తెలిసిపోతుంది. అందుకే మీరు చూడాల్సింది పింగ్. మీ దగ్గర నుంచి వెళ్లిన చిన్న డేటా ముక్క అవతలికి వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం అది. ఆ సమయం ఎంత నిలకడగా ఉంది, వందలో ఎన్ని ముక్కలు దారిలోనే పోతున్నాయి, ఈ రెండూ చూస్తే మీ నెట్ నాణ్యత తెలిసిపోతుంది. వందకి రెండు మూడు పోయినా చాలు, మీటింగ్‌లో మాట ముక్కలవుతుంది.

ఇంకో చిన్న సంగతి, చాలామంది పొరబడేది. ప్లాన్‌లో చెప్పేది మెగాబిట్లు, డౌన్‌లోడ్‌లో కనిపించేది మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. 100 ఎంబీపీఎస్ లైన్ మీద ఫైలు సెకనుకు 12 మెగాబైట్ల చొప్పున దిగుతుంటే లైన్ సరిగ్గా ఉన్నట్టే.

మూడు రాత్రుల పరీక్ష

ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ రెండు కిటికీలుగా తెరవండి. ఒకదానిలో మీ రౌటర్‌కి ఆగకుండా పింగ్ పెట్టండి, అంటే ping -t అని కొట్టి, పక్కన రౌటర్ చిరునామా రాసి ఎంటర్ నొక్కండి. రౌటర్ చిరునామా దాని అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది, ఎక్కువగా 192.168.1.1 అవుతుంది. రెండో దానిలో 8.8.8.8కి పెట్టండి, అది గూగుల్ వాళ్ల సర్వర్. రాత్రి మీటింగ్ జరుగుతున్నంతసేపూ రెండూ నడవనివ్వండి. మాట తెగిన క్షణంలో ఏ కిటికీలో అంకెలు చెదిరాయో చూడండి.

రౌటర్ కిటికీలోనే అంకె 2 నుంచి 150కో 300కో ఎగిరితే తప్పు వైఫైది. డేటా ఇంకా గుమ్మం దాటలేదు కాబట్టి ఆపరేటర్‌ని అని లాభం లేదు. రౌటర్ కిటికీ నిలకడగా ఉండి 8.8.8.8 మాత్రం ఎగురుతున్నా, "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" అని వస్తున్నా తప్పు బయటిది. మన వైపు నుంచి 8.8.8.8కి 10 నుంచి 40 మిల్లీసెకన్ల మధ్య వస్తే మంచి లైన్. అమెరికా సర్వర్‌కి పెడితే 200 దాటుతుంది. అది దూరం వల్ల వచ్చేది, ఏ కంపెనీకి మారినా తగ్గదు. ఆ అంకె చూసి కంగారు పడకండి.

రెండో రాత్రి ల్యాప్‌టాప్‌ని లాన్ కేబుల్‌తో నేరుగా రౌటర్‌కి కలిపి ఇదే పరీక్ష చేయండి. మూడో రాత్రి కూడా కేబుల్‌తోనే. ఏ సమయానికి ఎంత చూపించిందో కాగితం మీద రాయండి, వీలైతే ఫొటో తీసి పెట్టుకోండి. ఆపరేటర్‌తో మాట్లాడేటప్పుడు అది చాలా పనికొస్తుంది. "నెట్ స్లోగా ఉంది" అంటే "రౌటర్ ఆపి వేయండి సార్" అంటారు. "కేబుల్ పెట్టి చూశాను, నిన్న రాత్రి 8.40కి వందలో ఏడు పోయాయి" అంటే అవతల మనిషి గొంతు మారుతుంది. నా గొంతూ అలాగే మారేది.

వైఫై అయితే

నా లెక్కలో ఇళ్ల నుంచి వచ్చే ఫిర్యాదుల్లో సగానికి పైగా ఇక్కడే తేలతాయి. తెనాలిలో ఒక బ్యాంకు ఉద్యోగి ఏడాదిలో మూడు కనెక్షన్లు మార్చారు. మూడో కనెక్షన్ నాది. మొదటి వారమే ఫోన్ వచ్చింది. వెళ్లి చూస్తే రౌటర్ ముందు గదిలో, ఇనప బీరువాకీ గోడకీ మధ్య సందులో ఉంది. ముందు కనెక్షన్లవాళ్లు అక్కడ బెజ్జం పెట్టారు కాబట్టి మావాడూ అక్కడే పెట్టేశాడు. ఆయన పని చేసుకునేది వెనక గదిలో. మధ్యలో రెండు తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, ఒక బీరువా. పదిహేను మీటర్ల లాన్ కేబుల్ లాగి రౌటర్‌ని నడవలో, తలకన్నా ఎత్తున పెట్టాం. ఆ తర్వాత ఆయన కనెక్షన్ మార్చలేదు. ముందు ఇద్దరి లైన్లూ బాగానే ఉండి ఉంటాయని నాకు ఆ రోజే అనిపించింది.

రౌటర్‌లో రెండు రకాల సిగ్నల్ ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం పోతుంది, కానీ అందులో జాగా తక్కువ. ఒకదానికొకటి అడ్డురాకుండా వాడుకోదగ్గ చానళ్లు 1, 6, 11 మాత్రమే. చుట్టుపక్కల ఇరవై ఇళ్ల రౌటర్లు ఆ మూడింటిలోనే తోసుకుంటాయి. సాయంత్రం అందరూ ఇంటికి చేరాక ఆ తోపులాట ఇంకా పెరుగుతుంది. కాబట్టి రాత్రి మాత్రమే నెట్ చెడిపోతోందంటే తప్పు ఆపరేటర్‌దేనని అనుకోవడానికి లేదు, వైఫైది కూడా కావచ్చు. 5 గిగాహెర్ట్జ్‌లో జాగా ఎక్కువ, కానీ రెండు గోడలు దాటేసరికి నీరసపడుతుంది. మీటింగ్ చేసే గదిలో రౌటర్ ఉంటే 5 వాడండి. లేకపోతే ఆ గదికి లాన్ కేబుల్ లాగించండి. కేబుల్‌కి ఒక్కసారి ఖర్చు పెడితే చాలు, నెలనెలా ప్లాన్‌కి ఎక్కువ కట్టే పని ఉండదు. గోడకి పెట్టి సిగ్నల్ పెంచుతుందని అమ్మే చిన్న ఎక్స్‌టెండర్లు మీటింగ్ పనికి వద్దు. అవి సిగ్నల్ గీతలు పెంచుతాయి, పింగ్ కూడా పెంచుతాయి.

ఇంటికి వచ్చే వైరు అయితే

ఈ భాగం కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే దీని గురించి కస్టమర్లకు ఎవరూ చెప్పరు.

మీ ఇంట్లో ఉన్న బాక్స్‌లోకి పసుపు రంగుదో నల్లదో సన్నటి వైరు వస్తుంటే, దాని చివర ఆకుపచ్చ కనెక్టర్ ఉంటే అది ఫైబర్. లోపల వెంట్రుకంత గాజు పోగు. దానిలో వెళ్లేది వెలుగు. ఆ వెలుగు ఎంత బలంగా మీ బాక్స్‌కి చేరుతోందో డీబీఎం అనే లెక్కలో కొలుస్తాం. లైన్ పని చేసేవాళ్లం మాలో మేము "పవర్ ఎంత వస్తోంది" అని అడుక్కునేది దీన్నే. మైనస్ 15 నుంచి మైనస్ 24 దాకా ఉంటే హాయి. మైనస్ 27 దగ్గరికి వచ్చిందంటే మామూలు బాక్సులకు అది అంచు. ఆ అంచు మీద ఉన్న లైన్ మధ్యాహ్నం నడుస్తుంది, వాన పడితే పోతుంది, గాలికి వైరు ఊగినా పోతుంది. పూర్తిగా పోతే బాక్స్ మీద ఎర్ర లైటు వెలుగుతుంది. పూర్తిగా పోకుండా అంచు మీద ఊగులాడితేనే అసలు చిక్కు. లైట్లన్నీ పచ్చగానే ఉంటాయి, డేటా మాత్రం ముక్కలు ముక్కలుగా పోతుంటుంది.

కాబట్టి మీ ఆపరేటర్‌ని అడగాల్సిన ప్రశ్న ఒకటే: "నా బాక్స్‌కి పవర్ ఎంత వస్తోంది?" ఆఫీసులో కూర్చునే ఆయన చూడగలడు. చాలా రౌటర్లలో లోపలి పేజీలో మీరే చూడచ్చు. ఒక నెల కిందట ఎంత ఉంది, ఇప్పుడెంత ఉంది అనేది ఇంకా ముఖ్యం. మైనస్ 20 ఉన్నది మైనస్ 26 అయిందంటే దారిలో ఎక్కడో ఏదో జరిగింది.

ఏం జరుగుతుంది? వైరు మూల తిప్పేచోట మరీ గట్టిగా మడిచి మేకు కొడతారు. గాజు పోగు మడత దగ్గర వెలుగు బయటికి కారిపోతుంది. స్ప్లైసింగ్ మెషీన్‌తో అతికించాల్సిన చోట, టైం లేదని చేత్తో బిగించే కనెక్టర్ వేసి వెళ్లిపోతారు. అది మొదట్లో బాగానే ఉండి ఆర్నెల్లకు దుమ్ము పట్టి దిగజారుతుంది. ఆకుపచ్చ కనెక్టర్ ఉండాల్సిన చోట నీలం కనెక్టర్ గుచ్చుతారు. రెండింటి కొనలూ అరగదీసిన కోణం వేరు, సరిగ్గా ఆనవు. స్తంభం మీద జాయింట్ బాక్స్ మూత సరిగ్గా పెట్టరు, వాన నీళ్లు దిగుతాయి. కోతులు వైరు పట్టుకుని ఊగుతాయి, ఎలుకలు కొరుకుతాయి, సంక్రాంతికి మాంజా కోస్తుంది. మా ఏరియాలో ఒక రిటైర్డ్ టీచర్ ఇంట్లో ప్రతి వానకీ నెట్ పోయేది. రెండుసార్లు బాక్స్ మార్చాం, పోలేదు. మూడోసారి నేనే వెళ్లి స్తంభం ఎక్కించి చూస్తే జాయింట్ బాక్స్‌లో నీళ్లు నిలిచి ఉన్నాయి. ఆయనకు వస్తున్న పవర్ మైనస్ 29. జాయింట్ కోసి కొత్తగా స్ప్లైస్ చేశాక మైనస్ 21కి వచ్చింది. రెండుసార్లు బాక్స్ మార్చడం మా తప్పు. మొదటిరోజే పవర్ మీటర్ పెట్టి ఉంటే ఆయనకు ఆ రెండు నెలల అవస్థ తప్పేది.

ఒకవేళ మీ ఇంట్లోకి వచ్చేది ఫైబర్ కాకుండా లావుపాటి లాన్ వైరే అయితే సంగతి వేరు. అంటే వీధి చివరో, పక్క బిల్డింగ్ మీదో ఒక స్విచ్ పెట్టి, అక్కడ నుంచి రాగి వైరు లాగారు. ఆ స్విచ్‌కి కరెంటు కావాలి. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా ఆ స్విచ్ ఉన్నచోట కరెంటు పోతే మీకు నెట్ పోతుంది. సిసలైన ఇంటిదాకా ఫైబర్‌లో ఆపరేటర్ ఆఫీసుకీ మీ ఇంటికీ మధ్య కరెంటు అక్కర్లేదు. దారిలో ఉండే స్ప్లిటర్ అంటే వెలుగుని పాయలుగా చీల్చే గాజు పరికరం, అంతే. ఎవరి దగ్గర తీసుకున్నా సరే, గుమ్మంలోకి వచ్చేది ఫైబరేనా అని చూడండి. బ్రోచర్ మీద ఫైబర్ అని రాసి ఉంటే సరిపోదు.

ఆపరేటర్ దగ్గర బ్యాండ్‌విడ్త్ చాలకపోతే

కేబుల్ పెట్టి చూసినా, పవర్ బాగున్నా, సాయంత్రం 7 నుంచి 11 దాకా మాత్రమే పింగ్ ఎగిరి, తెల్లవారుజామున చక్కగా ఉంటే ఇక అనుమానం లేదు. పైన రద్దీ ఉంది.

ఇది నా దగ్గరే జరిగింది. 2020 మార్చికి ముందు నా దగ్గర ఆరు వందల చిల్లర కనెక్షన్లు, పైనుంచి ఒక గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) లింకు. అప్పట్లో అది చక్కగా సరిపోయేది, ఎందుకంటే అందరూ ఒకేసారి వాడరు. లాక్‌డౌన్ వచ్చింది. హైదరాబాద్, బెంగళూరు నుంచి పిల్లలంతా ఇళ్లకు వచ్చేశారు. పొద్దున ఆన్‌లైన్ క్లాసులు, సాయంత్రం మీటింగులు, రాత్రి సినిమాలు. ఏప్రిల్ మొదటి వారానికే నా లింకు వాడకం చూపించే గ్రాఫ్ సాయంత్రం ఏడింటికి పైకి తగిలి పదకొండు దాకా కిందికి దిగేది కాదు. జనం కోపంగా ఫోన్లు చేశారు. వాళ్లది న్యాయమైన కోపం. 100 అని డబ్బు తీసుకుని నేను సాయంత్రం 100 ఇవ్వలేకపోయాను. లింకు పెంచడానికి నాకు దాదాపు ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాల్లో ఒకమ్మాయికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ మధ్యలో తెగిపోయింది. వాళ్ల నాన్న ఫోన్‌లో అరవలేదు. "కాస్త చూడండి" అన్నారు, అంతే. నాకది ఇప్పటికీ గుర్తుంది.

లోపల లెక్క ఇలా ఉంటుంది. మన ఊళ్లలో ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో ఒక ఫైబర్ పోగు మీద కిందికి సుమారు 2.5 గిగాబిట్లు, పైకి 1.25 గిగాబిట్లు. దాన్ని స్ప్లిటర్లతో 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. అందరూ ఒక్కసారిగా వాడరు కాబట్టి వీధిలో ఇరుకు రావడం అరుదు. ఇరుకు వచ్చేది ఆపరేటర్ ఆఫీసు నుంచి పైకి వెళ్లే లింకు దగ్గర. అందుకే ఒకే కంపెనీ పేరుతో నడిచే ఇద్దరు ఫ్రాంచైజీల మధ్య కూడా తేడా ఉంటుంది. భీమవరంలో బాగుందని ఎవరో చెప్పిన కంపెనీ మీ వీధిలో బాగుంటుందని గ్యారంటీ లేదు.

ఇక ఎవరిని ఎంచుకోవాలి

నేను కంపెనీల ర్యాంకులు ఇవ్వను, ఎందుకంటే మీ అనుభవాన్ని నిర్ణయించేది కంపెనీ పేరుకన్నా మీ వీధి లైను, దాన్ని చూసుకునే మనిషి. రకాల గురించి మాత్రం చెప్తాను.

పెద్ద కంపెనీల ఫైబర్: పైన బ్యాండ్‌విడ్త్‌కి లోటుండదు, సాయంత్రం రద్దీ తక్కువ. జియో 2019 సెప్టెంబరులో ఫైబర్ మొదలుపెట్టాక అందరి ధరలూ దిగొచ్చాయి. అది మనందరికీ మేలు చేసింది. లోటల్లా రిపేరు దగ్గర. యాప్‌లో ఫిర్యాదు నమోదవుతుంది, కానీ వచ్చే కుర్రాడు రోజుకు పాతిక ఇళ్లు తిరగాలి. మీ వీధిలో వాళ్లకు చాలా కనెక్షన్లు ఉంటే రిపేరు త్వరగా అవుతుంది, మీదొక్కటే ఉంటే ఆలస్యం.

లోకల్ ఆపరేటర్: ఫోన్ ఎత్తుతాడు, రాత్రి పదింటికైనా మనిషిని పంపిస్తాడు, పండక్కి ముందు లైను చూసి పెడతాడు. పైన ఎంత లింకు ఉంది, అది తెగితే రెండో దారి ఉందా అన్నది మొహమాటం లేకుండా అడగండి. మంచి ఆపరేటర్ సంతోషంగా చెప్తాడు.

బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్: చాలా ఊళ్లలో చివరి లైను వేసేదీ చూసేదీ వాళ్ల పార్ట్‌నర్‌గా ఉన్న స్థానిక ఆపరేటరే. కాబట్టి "బీఎస్‌ఎన్‌ఎల్ ఎలా ఉంది" అని కాకుండా "మా ఏరియా పార్ట్‌నర్ ఎవరు, ఎలా చూస్తాడు" అని అడగాలి. మంచి పార్ట్‌నర్ దొరికినచోట ఏళ్ల తరబడి ఇబ్బంది లేకుండా వాడుతున్నవాళ్లు నాకు తెలుసు.

ఏపీ ఫైబర్‌నెట్ 2017 డిసెంబరులో మొదలైంది. కరెంటు స్తంభాల మీదుగా పల్లెలకు ఫైబర్ తీసుకెళ్లింది. పల్లెలో టీవీకీ పిల్లల చదువుకీ సరే. రాత్రి మీటింగులే మీ జీవనాధారం అయితే పక్కింట్లో రెండు రాత్రులు పరీక్షించకుండా దానిమీద ఆధారపడొద్దు. ఈ మాట మిగతావాళ్లందరికీ కూడా వర్తిస్తుంది.

ఎయిర్ ఫైబర్: డాబా మీద డబ్బా పెట్టి 5జీ టవర్ నుంచి సిగ్నల్ తీసుకుంటారు. జియోది 2023 సెప్టెంబరులో హైదరాబాద్‌తో కలిపి ఎనిమిది నగరాల్లో మొదలైంది. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకీ, ఫైబర్ రాని కాలనీలకీ చాలా ఉపయోగం. కానీ టవర్‌లో ఉన్న జాగాని ఆ చుట్టూ ఉన్నవాళ్లంతా పంచుకుంటారు, పింగ్ కూడా ఫైబర్ అంత నిలకడగా ఉండదు. మీ అవసరానికి మొదటి కనెక్షన్‌గా నేను చెప్పను. రెండో కనెక్షన్‌గా చాలా మంచిది.

చుట్టుపక్కల విచారించేటప్పుడు "నెట్ ఎలా ఉంది" అని అడిగితే అందరూ "పర్లేదండీ" అంటారు. "పోయిన నెలలో ఎన్నిసార్లు పోయింది, పోయినప్పుడు ఎన్ని గంటల్లో వచ్చింది" అని అడగండి. మీ స్తంభం మీద నుంచే లైను తీసుకున్న మూడు ఇళ్లలో అడిగితే చాలు. వాళ్లలో ఒకరు ఇంటి నుంచి పని చేసేవారైతే ఇంకా మంచిది.

డబ్బు కట్టేముందు

మొదటిసారి ఒక నెల ప్లానే తీసుకోండి. ఆర్నెల్లకో ఏడాదికో కడితే డిస్కౌంట్ ఇస్తారు, కానీ బాగాలేకపోతే ఆ డబ్బు వెనక్కి రావడం కష్టం. ఏడాదికి కట్టిన కస్టమర్ ఎటూ పోలేడని ఆపరేటర్‌కీ తెలుసు. ధర చెప్పినప్పుడు 18 శాతం జీఎస్టీ కలిపారో లేదో అడగండి. అన్‌లిమిటెడ్ అని రాసినా చాలా ప్లాన్లలో నెలకు 3300 జీబీ లాంటి పరిమితి ఉంటుంది. మామూలు కుటుంబం దాన్ని దాటదు, చిన్న ప్లాన్లలో పరిమితి తక్కువ ఉంటే మాత్రం చూసుకోవాలి. మీ నెట్ నుంచి ఆఫీసు వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే భద్రమైన దారి) తరచూ తెగుతున్నా, ఇంటి సీసీ కెమెరా బయట నుంచి కనపడకపోయినా, వందల ఇళ్లకు కలిపి ఒకే ఐపీ చిరునామా (నెట్‌లో మీ కనెక్షన్‌ని గుర్తించే నంబరు) ఇస్తున్నారేమో అడగండి. స్టాటిక్ ఐపీ, అంటే మీ ఒక్కరికే ఇచ్చే మారని చిరునామా, తీసుకుంటే ఆ రెండూ చాలావరకు సర్దుకుంటాయి.

మొబైల్‌లాగా నెట్ కనెక్షన్‌కి పోర్టింగ్ లేదు. మారడం అంటే కొత్తది పెట్టించుకుని పాతది రద్దు చేసుకోవడమే. పాత బాక్స్ వెనక్కి ఇచ్చినట్టు రసీదు తీసుకోండి, లేకపోతే డిపాజిట్ దగ్గర గొడవ వస్తుంది. ఫిర్యాదు చేసిన ప్రతిసారీ నంబరు రాసి పెట్టుకోండి. కస్టమర్ కేర్‌లో తేలకపోతే అదే కంపెనీలో అప్పిలేట్ అథారిటీ ఉంటుంది, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నియమాల ప్రకారం ప్రతి టెలికాం కంపెనీకీ అది ఉండాలి. ఒక్కొక్కరి ఫిర్యాదును ట్రాయ్ నేరుగా విచారించదు, కాబట్టి వాళ్లకు రాసి ఎదురుచూస్తూ కూర్చోకండి.

ఒక్క లైను మీద ఉద్యోగం పెట్టుకోకండి

ఎంత మంచి ఫైబర్ అయినా స్తంభం మీద వేలాడే వైరే. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ సిబ్బంది స్తంభాల మీది కేబుళ్లు కత్తిరించారు, ఎన్నో కాలనీల్లో నెట్ ఆగిపోయింది, విషయం హైకోర్టు దాకా వెళ్లింది. ప్రాణాల ముందు వైర్లు ఎంత, తీయాల్సిందే. కానీ ఆ వారం ఇంటి నుంచి పని చేసేవాళ్లలో ఇబ్బంది పడనిది రెండో దారి ఉన్నవాళ్లే. మీ భీమవరానికి తుఫాన్ల భయం వేరే చెప్పాలా?

రెండో దారి అంటే పెద్ద ఖర్చు కాదు. మీ ఫోన్‌లో ఉన్నది కాకుండా వేరే కంపెనీ సిమ్ ఒకటి, అందులో డేటా ప్యాక్. మీ ఇంటి గదిలో దానికి సిగ్నల్ బాగా వస్తుందో లేదో ముందే చూసుకోండి. రౌటర్‌కీ ఫైబర్ బాక్స్‌కీ కలిపి ఒక చిన్న 12 వోల్టుల యూపీఎస్ పెట్టండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా కొన్ని మారేటప్పుడు కరెంటు అర క్షణం ఆగుతుంది. బాక్స్ ఆరి వెలిగి మళ్లీ లైన్ పట్టుకోవడానికి రెండు మూడు నిమిషాలు. మీటింగ్‌లో ఆ మూడు నిమిషాలు చాలా ఎక్కువ.

ఇంకొకటి, ఇది మీ ఇంట్లోనే జరుగుతూ ఉండచ్చు. రాత్రి ఎనిమిదికి ఫోన్లు చార్జింగ్ పెట్టగానే ఫొటోలు, వీడియోలు వాటంతటవే బ్యాకప్ అవుతుంటాయి. కొన్ని లోకల్ ప్లాన్లలో అప్‌లోడ్ స్పీడ్ డౌన్‌లోడ్‌లో సగం కూడా ఉండదు. అప్‌లోడ్ నిండిపోతే మీ మాట అవతలికి వెళ్లదు, వాళ్ల మాట మాత్రం మీకు వినిపిస్తూనే ఉంటుంది. మీ మీటింగ్‌లో ఆగుతున్నది మీ మాటా, వాళ్ల మాటా అన్నది గమనించండి. మీది మాత్రమే అయితే, పరీక్షకన్నా ముందు ఇంట్లో ఫోన్లన్నిటిలో బ్యాకప్ అర్ధరాత్రికి మార్చి చూడండి.

మూడు రాత్రులయ్యాక నాలుగు సంగతులు ఇక్కడే కింద రాయండి: రౌటర్ పింగ్, 8.8.8.8 పింగ్, కేబుల్ పెట్టినప్పుడు మారిందా లేదా, ఆపరేటర్ చెప్పిన పవర్ అంకె. బాక్స్‌లోకి వచ్చే వైరు ఫొటో కూడా పెట్టండి, కనెక్టర్ రంగు కనపడేలా. చూసి ఎక్కడ పట్టుకోవాలో చెప్తాను.